నలభై అయిదు డిగ్రీలు

కరీముల్లా దగ్గరున్నది నల్ల సిరా ఒక్కటే.
బూడిదరంగు అడిగితే
"నా డబ్బాలో ఉండదన్నా, చుక్కల్లో పెట్టి పంపించు" అంటాడు.

నెల్లూరు ట్రంకు రోడ్డు పక్క సందులో మా డీటీపీ షాపు.
మిట్టమధ్యాహ్నం సైదాపురం బస్సు దిగి పెంచలమ్మ వచ్చింది.
చేతిసంచిలోంచి పాస్‌బుక్కు,
పాస్‌బుక్కులోంచి
వాళ్లమ్మ.
ఎల్లుండి పెద్దకర్మ.
వచ్చినోళ్లకి తలా ఒక గుడ్డసంచి ఇవ్వాలంట,
సంచి మీద అమ్మ ఉండాలంట, నూటయాభై.
"రంగులొద్దు నాయనా,
మాయమ్మ ఎప్పుడు పూసుకునింది రంగులు?"

స్కానర్ మూత కింద వెలుగు ఈ చివర నించి ఆ చివరకి ఈదింది.
మస్తానమ్మ. ముప్పై ఏళ్లుంటాయేమో అప్పటికి.
రొట్టెల పండక్కొచ్చి తీయించుకున్న ఫోటో.
వెనక తెర మీద గీసిన మెట్లు, గీసిన పూలకుండీ,
ముందు నిజం కాళ్లు, మట్టివి.
మొహం మాత్రం మరీ నున్నగా ఉంది,
తోమి బోర్లించిన పళ్లెంలా.

గ్రేస్కేల్. కాంట్రాస్ట్ కాస్త పైకి.
నీడల్ని ఎత్తితే కొప్పులో వెంట్రుకలు బయటపడ్డాయి.
తర్వాత బిట్‌మ్యాప్.
అంగుళానికి ఎన్ని వరసలు, ఏ కోణం,
చుక్క గుండ్రమా పలకా,
సాఫ్ట్‌వేర్ అడుగుతూనే ఉంది.
బతికుండగా ఆమెని
ఇన్ని ప్రశ్నలు ఎవరూ అడిగుండరు.

అరవై పెట్టాను. మెష్ పూడుకుపోద్దన్నాడు కరీముల్లా.
పదిహేను పెట్టాను. ముక్కు పోయింది.
ముప్పై అయిదు, నలభై అయిదు డిగ్రీలు, గుండ్రం.
ఓకే నొక్కాను.

మొహం చిట్లింది.
బుగ్గ మీద ఆవాలు, దవడ కింద మిరియాలు,
కొప్పులో చుక్కలు ఒకదాన్నొకటి మింగి ఒట్టి నలుపు.
నుదుటి మీద దీపం పడ్డచోట
చుక్కే లేదు, అదే వెలుగు.
దగ్గరికెళ్తే ఎవరూ లేరు.
కుర్చీ వెనక్కి జరిపితే మనిషి.

"దూరం నించి చూడమ్మా, కలిసిపోతాయి" అని
స్క్రీను ఆమె వైపు తిప్పాను.
పెంచలమ్మ దగ్గరికొచ్చింది.
ఇంకా దగ్గరికి.
గాజు మీద వేలు పెట్టి బుగ్గ తడిమింది.
"ఈ మచ్చలు నీకెట్టా తెలిసినాయి?"

ఏడేళ్లప్పుడు అమ్మవారు పోసిందట.
మొహమంతా గుంటలు.
స్టూడియో ఆయన జాలిపడి
నెగెటివ్ మీద పెన్సిల్ మొనతో
ఒక్కొక్కటే పూడ్చేశాడట.
ఇంటికి తెస్తే మొగుడు నవ్వాడు,
ఎవురు మే ఈమె, అని.
ఆ ఫోటో గోడెక్కలేదు. పెట్టె అడుక్కి పోయింది.

గని షెడ్డులో కత్తి మొన దూర్చి
కాకిబంగారం పొరలు విప్పే పని.
పొద్దుగూకేసరికి గుంటగుంటలో తళుకు.
కిరసనాయిలు బుడ్డి పక్కన అన్నం పెడతా వంగితే
మొహం మినుకుమినుకుమనేదట.
"పిలకాయలం లెక్కబెట్టేవోళ్లం.
ఎన్ని నీళ్లు పోసుకున్నా కొన్ని మిగిలేవి."
లోపలికి ఎంత పోయిందో, ఆ దగ్గు ఎన్నేళ్లు దగ్గిందో
నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

నాకేం తెలీదమ్మా, ఇది లెక్క,
ఎవరి మొహం పెట్టినా ఇట్టాగే వస్తుంది
అనబోయాను.
కరీముల్లా నా కాలు తొక్కాడు.

చట్రం దిగింది. రబ్బరు పట్టీ ఒక్క లాగు.
గుడ్డ మీద మస్తానమ్మ, తడిగా.
"ఆరనీమ్మా" అనేలోగా తాకనే తాకింది.
బొటనవేలికి రెండు చుక్కలు.
చీరకి తుడుచుకోలేదు.

చీకటిపడే వేళకి నూటయాభై అయినాయి.
ఒకటి చెడింది, గుడ్డ జరిగి
పెదవి దగ్గర చుక్కలు పక్కకి సాగాయి.
కరీముల్లా దాన్ని మసిగుడ్డల్లోకి విసిరాడు.
వంగి తీసుకుంది.
"దీంట్లో నవ్వినట్టుండాది" అంది.

బిల్లులో దాన్ని రాయలేదు.